మోడల్ని మార్చను

నెల్లూరులో బ్యూటీ సదస్సు జరిగిన రోజు చూసినన్ని తెల్లటి పళ్ళు నా జన్మలో ఎప్పుడూ చూడలేదు. గుమ్మంలో బొట్టు పెట్టి నవ్వే అమ్మాయిలు, బ్యానర్ల మీద నవ్వే అమ్మాయిలు, స్టాళ్ళలో క్రీము డబ్బాల పక్కన నవ్వే అమ్మాయిలు. అది మైపాడు రోడ్డులో పెళ్ళిళ్ళు జరిగే ఫంక్షన్ హాలు. పెళ్ళికూతురి కుర్చీ ఉండాల్సిన చోట ఆ రోజు ముఖాన్ని బిగించే మిషను పెట్టారు. దాని వెనక గోడంత బ్యానరు: ‘ప్రతి స్త్రీ అందగత్తే’. దాన్ని అచ్చు వేయించినవాళ్ళు ఒక్కసారైనా చదివారా అని మధ్యాహ్నానికల్లా నాకు అనుమానం వచ్చింది.

నా పేరు వెన్నెల. మాది అల్లూరు. నెల్లూరులో షాహీనా మేడం నడిపే అకాడమీలో కాస్మెటాలజీ నేర్చుకుంటున్నాను. సదస్సులో మాలాంటి విద్యార్థులకు గోళ్ళ అలంకరణ పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళకు చెన్నైలో పెద్ద నెయిల్ స్టూడియోలో ఉద్యోగం. ఆ ఉద్యోగం నాకు కావాలి. మొహమాటం లేకుండా చెబుతున్నాను, చాలా కావాలి. అకాడమీలో ఎవరికన్నా నా చేయి బాగా తిరుగుతుందని నాకు తెలుసు. అది గొప్ప చెప్పుకోవడం అంటే, అవును, గొప్పే.

పోటీకి మోడల్‌ను ఎవరికి వారే తెచ్చుకోవాలి. మిగతావాళ్ళు కాలేజీ అమ్మాయిలను తెచ్చుకున్నారు, గిన్నె కడిగిన పాపాన పోని చేతులవాళ్ళను. నేను మా అమ్మను తీసుకెళ్ళాను.

మా అమ్మ పెంచలమ్మ రొయ్యల కంపెనీలో రొయ్యలు వలుస్తుంది. పొద్దంతా ఐసునీళ్ళలో, క్లోరిన్ నీళ్ళలో చేతులు పెట్టి నిలబడి చేసే పని. వేళ్ళ సందుల్లో చర్మం పాలిపోయి, బొటనవేళ్ళ గోళ్ళు అరిగిపోయి, అరచేతుల నిండా రొయ్య ముల్లు గీసిన పాత గాట్లు ఉంటాయి. మరి ఆ చేతులను పోటీకి ఎందుకు తీసుకెళ్ళావని అడిగితే నాది ఒకటే జవాబు. నేను పని నేర్చుకున్నది వాటి మీదే. క్లాసులో అందరూ ప్లాస్టిక్ చేతుల మీద ప్రాక్టీసు చేశారు. ప్లాస్టిక్ చేతిని ఎంత గట్టిగా రుద్దినా నోరెత్తదు. మా అమ్మ చెయ్యి అలా కాదు. కొంచెం తప్పు చేశానా, వెనక్కి లాక్కుంటుంది. ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదలాలో ఆ చెయ్యే నాకు నేర్పింది.

ఆమెను ఒప్పించడానికి మాత్రం నా తాతలు దిగొచ్చారు.

“నా చేతులేందిమే, నలుగురిలో! ఎదురింటి పిల్లను పిలుచుకోని పో. తెల్లంగా, చక్కంగా ఉంటది” అంది.

“ఎదురింటి పిల్ల చేతులు నాకు తెలీదుమా. నీయి తెలుసు.”

“ఓడిపోతావే.”

“ఓడిపోతే నేను గదా ఓడిపోయేది. నువ్వు కూర్చో చాలు.”

పొద్దున్నే నిమ్మచెక్కతో రుద్ది రుద్ది చేతులు కడుక్కుంది, వాసన పోవాలని. బస్సులో దారిపొడుగునా రెండు చేతులూ కొంగులో చుట్టుకునే కూర్చుంది. చేతులను దాచుకోవడం ఆమెకు ఎంత అలవాటైపోయిందో చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు.

మాకు ఐదో నంబరు బల్ల ఇచ్చారు. తెల్ల టవలు పరిచి, పైన లైటు పెట్టారు. అమ్మ చేతులను గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, తుడిచి, గోళ్ళ అంచులు సరిచేయడం మొదలుపెట్టాను. పగిలిన చోట రాపిడి పెట్టకుండా కొబ్బరినూనె పట్టించాను. అమ్మ మొదట భుజాలు బిగబట్టుకుని కూర్చుంది, తర్వాత మెల్లగా వదిలేసింది. పక్క బల్ల అమ్మాయి మా వైపు చూసి తన మోడల్ చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుకోనీ. ఆ అమ్మాయి పట్టుకున్న గోళ్ళు అరగదీసే ఫైలే తలకిందులుగా ఉంది.

అప్పుడు జడ్జి వచ్చింది. పేరు కరుణాకుమారి. చెన్నై స్టూడియో ఆమెదే, అంటే ఉద్యోగం ఇచ్చేదీ ఆమే. మోచేతుల దాకా నల్ల గ్లోవులు వేసుకుంది. ఆమె వెనక మైకు పట్టుకుని సదస్సు నడిపే హరినాథ్, అతని వెనక వీడియో తీసే మనిషి. ఒక్కో బల్ల దగ్గరా ఆగి, “లవ్లీ, లవ్లీ” అంటూ వచ్చి మా దగ్గర ఆగింది. లవ్లీ అనలేదు.

“ఇవేంటి?” అంది.

“మా అమ్మ చేతులు మేడం.”

“స్కిన్ డిసీజా?”

“కాదు మేడం, పని. రొయ్యలు వలుస్తుంది. పచ్చిగాయం ఒక్కటి కూడా లేదు, చూడండి. అన్నీ ఎప్పుడో మానిపోయినాయి.”

ఆమె చూడలేదు. హరినాథ్‌తో, “ఇవి ఫొటోలకి పనికిరావు. బ్రోచర్‌లో వేసుకోలేం కదా. మోడల్‌ని మార్చమనండి” అంది. అమ్మ అక్కడ లేనట్టే అంది. హరినాథ్ వెంటనే స్టాలు దగ్గర నిలబడ్డ అమ్మాయిల్లో ఒకామెను చిటికేసి పిలిచాడు. ఆమె చేతులు వెన్నముద్దల్లా ఉన్నాయి, ఒప్పుకుంటాను.

“మోడల్ ఎట్టా ఉండాలని రూలేమన్నా ఉందా సార్?” అని అడిగాను.

“రూలు కాదమ్మా, కామన్ సెన్స్. టైమ్ వేస్ట్ చేయొద్దు” అన్నాడు.

ఇంతలో షాహీనా మేడం పరుగున వచ్చి నా చెవి దగ్గర వంగింది. “మార్చు వెన్నెలా. నీ పనికి తిరుగులేదు, ఫస్టు నీదే. పంతానికి పోయి చేతికొచ్చింది పోగొట్టుకోబాక” అంది. నా మంచి కోరే అంది. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అమ్మ అప్పటికే కుర్చీలోంచి సగం లేచింది. “లేస్తాలేమే. ఆ పాప కూర్చుంటది. నీ ఉజ్జోగం పోద్ది” అని నెమ్మదిగా అంటూ కొంగు కోసం వెతుక్కుంటోంది, చేతులు చుట్టుకోవడానికి.

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. నూనెకు జారింది. మళ్ళీ పట్టుకున్నాను.

“కూర్చోమా” అన్నాను. జడ్జి వైపు తిరిగి, హాలంతా వినబడేలా, “మోడల్ని మార్చను” అన్నాను.

చెన్నై ఉద్యోగం నా కళ్ళముందే బస్సెక్కి వెళ్ళిపోయింది. ఏడుపొచ్చింది, కానీ ఆ ముఖాల ముందు ఏడవబుద్ధి కాలేదు.

హరినాథ్ నవ్వు అతికించుకున్నాడు. వీడియో మనిషి లైటు మా వైపు తిప్పబోతుంటే కరుణాకుమారి గబుక్కున అమ్మతో, “కెమెరా వస్తోంది. కాసేపు చేతులు కింద పెట్టండి, టేబుల్ కిందకి” అంది.

ఎందుకో తెలియదు, నేను అన్నదానికన్నా ఆ మాటే అమ్మను కదిలించింది. దాచడం అలవాటైన మనిషే. కానీ తనంతట తాను దాచుకోవడం వేరు, ఇంకొకరు దాచమనడం వేరనుకుంటాను. అమ్మ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. చేతులు రెండూ తెల్ల టవలు మీద చాచి పెట్టింది, అరచేతులు పైకి. తర్వాత తిప్పి, వేళ్ళు విడదీసి, గోళ్ళు పైకి.

“దించనమ్మా” అంది. “మా కంపెనీ గేటు కాడ దినామూ తనిఖీకి ఇట్నే చూపిస్తాం, ఈపక్కా ఆపక్కా. అందరమూ చూపిస్తాం. మా సూపర్‌వైజర్ కూడా చూపించినాకనే లోపలికి వస్తాడు. మీరు కూడా ఆ తొడుగులు తీసి చూపించండి. ఒకరివి ఒకరం చూసుకుందాం.”

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. కరుణాకుమారి ఒక గ్లోవు అంచు పట్టుకుంది. తీస్తుందనే అనుకున్నాను. తీయలేదు. అంచును ఇంకొంచెం పైకి లాక్కుంది.

అప్పుడు షాహీనా మేడం చేసిన పని నేను ఊహించనిది. కుర్తా చేతులు పైకి మడిచి, అమ్మ చేతుల పక్కన తన చేతులు పెట్టింది. రోజూ చూసే చేతులే, ఎన్నడూ సరిగ్గా చూడలేదు. గోళ్ళ మొదళ్ళలో హెయిర్ డై నలుపు. చూపుడువేలి మీద, ఏళ్ళ తరబడి కనుబొమ్మల దారం లాగిన గాడి. మణికట్టు మీద వేడి వ్యాక్సు ఒలికిన మచ్చ.

“నా అకాడమీ ఈ చేతుల్తో లేచింది మేడం” అంది. “ఈ హాల్లో పార్లర్ నడిపే ఎవురినైనా అడగండి, ఇట్నే ఉంటాయి. వీటిని కూడా కిందికి పెట్టమంటారా?”

చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళు కొందరు తలలు వంచి తమ చేతులు చూసుకోవడం నేను చూశాను. కొందరు గబుక్కున హ్యాండుబ్యాగుల వెనక్కి దాచుకున్నారు కూడా. ఎవరి ధైర్యం వాళ్ళది.

జడ్జి ఆరో బల్లకు వెళ్ళిపోయింది. కాసేపటికి హరినాథ్ మైకులో, ఐదో నంబరు పోటీలో లేదని, సహకరించినందుకు ధన్యవాదాలని ప్రకటించాడు. మేం ఏం సహకరించామో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకతను వచ్చి మా లైటు తీసుకెళ్ళాడు. షాహీనా మేడం తన ఫోను టార్చి వెలిగించి బల్ల మీదికి పట్టుకుంది.

నేను పని ఆపలేదు. ఎవరు మార్కులు వేస్తారని? ఎవరూ వేయరు. అయినా అంత శ్రద్ధగా నేను ఎన్నడూ చేయలేదు. ఒక్కో వేలూ మొదలు నుంచి కొసదాకా మర్దనా చేశాను. అరిగిన గోళ్ళను గుండ్రంగా దిద్ది, మెత్తటి బఫర్‌తో మెరుగు పెట్టాను. అమ్మ ఆ చేతులను ఎవరివో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“అయిపోయిందిమా. లే, పోదాం” అన్నాను.

“రంగెయ్యవా?”

“ఎందుకుమా, పోటీలోనే లేం గదా? రంగుంటే మీ గేటు కాడ రానియ్యరు గూడా. రొయ్యల్లో పెచ్చులు పడతాయని ఎనక్కి పంపించేస్తారు.”

అది నిజమే. గోళ్ళ రంగు, గాజులు, ఉంగరాలు కంపెనీలో నిషేధం. పెళ్ళిళ్ళకు కూడా అమ్మ రంగు వేసుకోదు. ఒక రోజు పని పోతే మాకు ఎలా ఉంటుందో ఆమెకన్నా ఎవరికి తెలుసు?

అమ్మ నా పెట్టెలోని సీసాలన్నీ చూసింది. అన్నిటికన్నా ఎర్రగా ఉన్నదాన్ని తీసి నా ముందు పెట్టింది.

“ఎయ్యి.”

“రేపు ఎనక్కి పంపిస్తారుమా.”

“పంపించనీమే. ఈడేమో బాగలేవని ఎలేసినారు. రేపు ఆడ బాగుండాయని ఎలేస్తారు. ఆ మాట గూడా ఒక్కసారి ఇనాల గదా నేను” అని చేతులు చాచింది.

రెండు కోటింగులు వేశాను.