ఇంకొక్కరిని కనుక్కుని

మా అన్నయ్య తాపీమేస్త్రీ. రసమట్టం పెట్టి చూసిన గోడని కూడా మళ్లీ నీళ్లగొట్టంతో చూస్తాడు. కూలీలు చాటున 'అనుమానం మేస్త్రీ' అనేవాళ్లు. ఆయన కట్టిన గోడ ఒక్కటీ వంకర పోలేదు.

ఇళ్లకి రంగులేసే ఒకతన్ని చేసుకుంటానంది చెల్లి. అన్నయ్య కాదనలేదు. కాదంటే బాగుండేది, అది పోట్లాడి గెలిచేది.

"మంచివాడని ఎలా తెలుసే?"

"వాళ్ల పక్కింటి పెద్దమ్మ చెప్పింది."

"ఆ పెద్దమ్మ మాట నమ్మొచ్చని ఎవరు చెప్పారు?"

"బట్టలు కుట్టే పిన్ని."

"ఆవిడ సంగతి?"

వంటింట్లోంచి వదిన అందుకుంది. "నన్ను చూడ్డానికొచ్చినప్పుడు ఎవర్నడిగారండీ? టీ తాగి సరేనన్నారు."

"అందుకే ఇప్పుడు అడుగుతున్నా."

చెల్లి నవ్వలేదు. "నీ రసమట్టం సరైందని నీకెలా తెలుసన్నయ్యా?"

"నీళ్లగొట్టంతో సరిచూశా."

"మరి నీళ్లగొట్టం?"

"రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయే. దానికి ఇంకోటి అక్కర్లేదు, కంటికి కనిపిస్తుంది."

"నాకూ అంతే. అతన్ని చూస్తే కనిపించింది."

అన్నయ్య చెవి వెనక పెన్సిలు తీసి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు. మాట తగిలింది. అయినా, "ఇంకొక్కరిని కనుక్కుని చెప్తా" అన్నాడు.

ఆ ఒక్కరు సిమెంటు కొట్టాయన. మంచివాడేనన్నాడు. ఆయనకీ రంగులతనికీ స్నేహమేమోనని అన్నయ్య వడ్రంగిని అడిగాడు. వడ్రంగి మాటకి పూచీ ఎవరని మరొకరిని. ఎవరూ చెడ్డగా చెప్పలేదు, ఎవరు చెప్పిందీ చాల్లేదు. ఎండలు పోయి వానలు పట్టుకున్నాయి. రంగులతను అప్పుడప్పుడూ వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్లేవాడు. తర్వాత రావడం మానేశాడు.

వానలు తగ్గాక ఓ పొద్దున అన్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని నన్ను పిలిచాడు. "ఎంతమందిని అడిగినా ఎక్కడో ఒకచోట ఊరికే నమ్మాల్సిందేరా. పద, మాటిచ్చొద్దాం."

వెళ్లాం. తలుపుకి తాళం. పక్కింటి పెద్దమ్మ బయటికొచ్చింది. వేరే ఊళ్లో పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయాడట. "మీకిష్టం లేదనుకున్నాడు నాయనా. చాన్నాళ్లు చూశాడు" అంది. అన్నయ్య ఆవిణ్ణి తిరిగి ఏమీ అడగలేదు.

ఇంటికొచ్చి చెప్తే, చెల్లి బట్టలు మడతపెడుతూనే "సరేలే అన్నయ్యా" అంది.

ఇప్పుడు ఏం చెప్పినా అదే మాట. ఈమధ్య చెల్లికోసం పక్కన గది లేపుతూ, అన్నయ్య కావాలనే కిటికీని పొరుగువాళ్ల గోడకి ఎదురుగా పెట్టాడు. "ఇటైతేనే బాగుంది కదే?" అన్నాడు, ఈసారైనా తిడుతుందేమోనన్న ఆశతో.

చెల్లి కాసేపు ఆ కిటికీ వంక చూసింది.

"బాగుంది" అని లోపలికి పోయింది.

అన్నయ్య తాపీ కింద పెట్టి ఇసుక మీద కూర్చున్నాడు. కలిపిన సిమెంటు గట్టిపడిపోతున్నా లేవలేదు.