అనుమతిస్తారా?

సరుకు రవాణా కంపెనీలో లారీలు పంపించే గుమాస్తాకీ, అతని భార్యకీ ఆదివారం నుంచి మాటల్లేవు. ఆమె ఇంట్లో లేనప్పుడు ఆమె కుట్టు మిషన్ని అతను తన చెల్లెలింటికి పంపించేశాడు. మూలన పడి దుమ్ము కొట్టుకుపోతున్నదాన్ని ఇస్తే ఇంత రాద్ధాంతమా అని అతని బాధ.

ఆమెదీ అదే కంపెనీ, జీతాల సెక్షను. ఆఫీసుకి మరమ్మతులు జరుగుతున్నాయని ఇద్దర్నీ ఇంటినుంచే పని చెయ్యమన్నారు. ఆమె పడగ్గదిలో, అతను వంటింట్లో బల్ల దగ్గర. కంపెనీ పిసినారితనం ఏం చెప్పమంటారు. ఆఫీసులో ఉన్న పెద్ద కంప్యూటర్లోకి లాగిన్ అవడానికి ఈ రెండు సెక్షన్లకీ కలిపి ఒక్కరికే చోటు. రెండో మనిషి వస్తే, లోపలున్న మనిషికి తెరమీద ఓ పెట్టె కనిపిస్తుంది: "ఫలానావారు రావాలనుకుంటున్నారు. అనుమతిస్తారా?" సరేనంటే ఒకరు లోపలికి, ఒకరు బయటికి. కాదంటే వచ్చినవాళ్ళు గుమ్మంలోనే.

ఆ పొద్దుట మన గుమాస్తా గుమ్మంలోనే ఉన్నాడు. ఎన్నిసార్లు ప్రయత్నించినా "తిరస్కరించారు" అని ఎర్రక్షరాలు. గోదాము దగ్గర లారీలు బారులు తీరాయి. ఏ లారీ ఎటు వెళ్ళాలో తెలిసేది ఆ సిస్టమ్‌లోనే. మధ్యాహ్నంలోగా అవి కదలకపోతే ఉద్యోగం మాట మర్చిపొమ్మని మేనేజరు ఫోన్లో చెప్పేశాడు.

గుమాస్తా కంప్యూటర్లు చూసే కుర్రాడికి ఫోన్ చేశాడు.

"మేడమ్‌ని ఇక్కణ్ణుంచే బయటికి నెట్టేస్తాను సార్. కాకపోతే ఆవిడ సేవ్ చెయ్యని పనంతా పోతుంది. ఇంతకీ ఆవిడ ఎక్కడున్నారు?"

"పక్కగదిలో."

"అయితే వెళ్ళి అడగండి సార్."

కుర్రాడికి ఇంకా పెళ్ళి కాలేదని గుమాస్తాకి అర్థమైపోయింది. నెట్టెయ్యమనే మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆమె పొద్దున్నుంచీ తలెత్తకుండా చేస్తున్న పని గాల్లో కలిపేయడానికి మనసొప్పలేదు. ధైర్యం చిక్కబట్టుకుని పడగ్గదిలోకి వెళ్ళాడు.

"లారీలు ఆగిపోయాయి. కాస్త సిస్టమ్ ఇస్తావా? నా ఉద్యోగం పోయేలా ఉంది."

ఆమె తెరమీంచి చూపు తిప్పలేదు. "ఈ యంత్రానికి మర్యాద తెలుసు. నన్ను లేపే ముందు నన్నే అడుగుతుంది. నా మిషను ఇంట్లోంచి వెళ్ళినప్పుడు నన్నెవరూ అడగలేదు."

"వాడట్లేదు కదా అని..."

"అడిగుంటే నేనే ఇచ్చేదాన్ని."

అతనికి నిజంగానే సిగ్గేసింది. అక్కడే నిలబడి, స్పీకరు పెట్టి చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ఆ మిషను తిరిగి తీసుకెళ్తానమ్మా. మీ వదిన్ని అడక్కుండా ఇచ్చేశాను. తప్పు నాదే."

"హమ్మయ్య. నేను పంపిస్తానంటే వదినే వద్దంది అన్నయ్యా. నువ్వు ఆ మాట అనేదాకా ఇక్కడే ఉంచమంది. తొందరగా వచ్చి పట్టుకెళ్ళు, మా హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు."

గుమాస్తా నోరెళ్ళబెట్టి భార్యవైపు చూశాడు. ఆమె తాపీగా తన పని సేవ్ చేసుకుని, లాగౌట్ నొక్కింది.

అతను ఇంకా అక్కడే నిలబడ్డాడు. "మరి నేను వెళ్ళి లాగిన్ అవనా?"

"ప్రతిదీ అడగక్కర్లేదు, వెళ్ళండి," అంది ఆమె నవ్వాపుకోలేక.