తిరగబడిన వరుస

నేను ఒక ఉక్కు గొట్టాన్ని. జానెడు మీద కాస్త పొడవుంటాను. నా కడుపునిండా కంటికి ఆనని పూసలు, ఆ పూసల నిండా బెజ్జాలు. ఎక్కడో దూరదేశపు కర్మాగారంలో నన్ను తయారుచేసి, విశాఖపట్నంలో ఒక యూనివర్సిటీ ప్రయోగశాలకు అమ్మారు. ప్లాస్టిక్ వంటి పదార్థాల్లో ఉండే అణువుల గొలుసులను పొడవు ప్రకారం విడదీయడం నా పని. పొడుగువి బెజ్జాల్లో పట్టక తిన్నగా బయటపడతాయి. పొట్టివి కనపడిన ప్రతి బెజ్జంలోనూ తలదూర్చి, తీరిగ్గా వస్తాయి.

నన్ను వాడిన పరిశోధక విద్యార్థుల్లో గౌరీశ్వరి అంటే నాకు ప్రాణం. పొట్టి గొలుసులను అతికించి పొడుగు చేసే మందు ఒకటి కనిపెట్టానని ఆ పిల్ల నమ్మకం. ఫ్లాస్కులో చర్య నడుస్తుంటే, కాసేపటికొక చిన్న సీసా నింపి మంచుపెట్టెలో పేర్చేది. అవన్నీ ఒకదాని తర్వాత ఒకటి నాలోంచి పోయాక, వచ్చిన గీతలన్నిటినీ కంప్యూటరు పోల్చి చూసి, ఎరుపు నీలం మచ్చలతో ఒక పటం గీస్తుంది. ఏ మార్పు ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో ఆ పటం చెబుతుంది. పాపం, దానికి తెలిసిందల్లా మనుషులు ఇచ్చిన వరుసే.

అసలు పరీక్ష నాడు సీసాలన్నీ నింపి పేర్చేసరికి ఆమెకు ఒళ్లు కాలిపోయే జ్వరం. గైడు సోమయాజులుగారు, "నువ్వెళ్లి పడుకోమ్మా, సీసాలు యంత్రంలో నేను పెడతాను" అన్నారు. ఎప్పుడూ యంత్రం ముట్టని మనిషి, పిల్ల మీద ప్రేమకొద్దీ ముట్టారు. మంచుతడికి సీసాల మీద అంకెలు చెరిగిపోయాయి. గౌరీశ్వరి పెట్టె లోపలి వైపు నుంచి పేర్చుకుంటూ వస్తుంది. ఆయన చేతికి ముందుగా అందిన ఆఖరి సీసానే మొదటిదనుకున్నారు. మొదటి సీసాలోనే ఇన్ని పొడుగు గొలుసులేమిటని నేను బిత్తరపోయాను. చెప్పడానికి నాకు నోరేదీ?

మందు గొలుసులను అతికించడం లేదు, తెంపుతోందని పటం చెప్పింది.

"నా కళ్లతో చూశానండి మాస్టారూ. గొలుసులు పొడుగయి ఫ్లాస్కులోది చిక్కబడిపోనాది. కలపడానికి లోపల తిరిగే అయస్కాంతం తిరగనేక ఆగిపోనాది" అంది గౌరీశ్వరి.

"జ్వరంలో ఉన్నావు కదమ్మా" అన్నారాయన మెత్తగా.

ఆయనంటే ఆమెకు ఎంత గురి అంటే, తన కళ్లనే అనుమానించుకుంది. పరిశోధన మానేసి బొబ్బిలిలో ఒక బళ్లో టీచరుగా చేరింది. వెళ్లే రోజున నన్ను శుభ్రంగా కడిగి, రెండు మూతలూ బిగించింది. అంత దుఃఖం నాకు మళ్లీ కలగలేదు.

ఏళ్లు గడిచాయి. బెజ్జాలు పూడిపోయి నేను సోమయాజులుగారి అలమారలో పడ్డాను. ఆ మందునే ఇంకెక్కడో ఇంకెవరో కనిపెట్టి పేరు తెచ్చుకున్నారు. వాళ్ల పరిశోధన వ్యాసం చదివిన రోజున ఆయన పాత ఫైలు తెరిచి, వరుస తిరగేసి పటం మళ్లీ గీయించారు. ఎరుపున్న చోట నీలం, నీలమున్న చోట ఎరుపు వచ్చాయి.

తర్వాత గౌరీశ్వరికి ఫోను చేశారు. వినికిడి తగ్గింది కనుక స్పీకరు పెట్టుకున్నారు.

"సీసాలు నేనే తిరగేసి పెట్టానమ్మా. నువ్వు చెప్పిందే నిజం. నీకు అన్యాయం చేశాను."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే ఆ రోజు చిక్కబడినట్టేనాండీ, మాస్టారూ?" అని అడిగింది గౌరీశ్వరి.

"చిక్కబడిందమ్మా" అన్నారాయన.