షినాస్‌లో హంస సోదరీమణులు

మస్కట్ నగరం దార్సైట్ పేటలో, రామసుబ్బమ్మ ఫ్లాటులో పుట్టిన ఆడవాళ్ళ సేవా సంఘం పేరు హంస సోదరీమణులు. సభ్యులు ముగ్గురే. భర్త ఉద్యోగంతో మస్కట్ చేరిన కడప మనిషి రామసుబ్బమ్మ అధ్యక్షురాలు. హైదరాబాదు నుంచి వచ్చిన తయ్యబాకు కారుంది, అరబ్బీ కూడా వచ్చు. జగిత్యాల పిల్ల నవీన అదే ఊళ్ళో ఖురం పేటలో అత్తరు షాపులో పనిచేస్తుంది.

సంఘానికి ఒక రంగు, ఒక పువ్వు, ఒక పక్షి, ఒక ప్రమాణం, ఒక రహస్య సంజ్ఞ ఉన్నాయి. సేవ మాత్రం ఇంకా మొదలు కాలేదు. పసుపు పట్టీలు భుజాన వేసుకుని, దీపం వెలిగించి, ప్రమాణం చదివి, సమోసాలు తిని ఎవరిళ్ళకు వాళ్ళు పోయేవాళ్ళు. పట్టీల మీద హంసను కుట్టమంటే టైలరు ఎందుకో దాని తల మీద ఎర్రటి తురాయి కుట్టాడు.

"కోడి లెక్క కొడ్తుందక్కా" అంది నవీన.

"హంసే. కోపంలో ఉండాది" అని తేల్చేసింది రామసుబ్బమ్మ. ఆ పూట నవీనకు సమోసా పెట్టలేదు.

సంజ్ఞ ఏమిటంటే, చిటికెన వేలికి చిటికెన వేలు మెలేసి రెండుసార్లు లాగి, ఎడమ చెవి ముట్టుకోవాలి. అలా చేసిన సోదరి ఏ పని అడిగినా, ఎందుకని అడగకుండా చెయ్యాలి. అదీ ప్రమాణం.

ఒక గురువారం షాపులో ఉమైమా అనే పెద్దావిడ అత్తరు సీసా అందుకుంటూ నవీన చిటికెన వేలికి తన వేలు మెలేసింది. రెండుసార్లు లాగింది. తర్వాత ఎడమ చెవి ముట్టుకుంది.

నవీన బల్ల మీదుగా ముందుకు వంగింది. "సిస్టర్?" అంది మెల్లగా.

"హా, సిస్టర్" అందావిడ. ఒకప్పుడు బొంబాయిలో ఉండొచ్చిందట, హిందీ బాగానే వస్తుంది. "రేపు షినాస్‌కు రాగలవా? మా ఇంట్లో కూర్చోడానికి ఆడవాళ్ళు కావాలి. ఉంటే మీవాళ్ళను కూడా తీసుకురా."

నవీన ఎందుకని అడగలేదు. బయటికొచ్చి రామసుబ్బమ్మకు ఫోన్ చేసింది. "అక్కా, మన గుర్తు మనం ఎవ్వరికీ చెప్పలే కదా! గామెకెట్ల తెల్సు?"

"సంఘం మనకు తెలీకుండానే పెరుగుతాంది పాపా" అంది రామసుబ్బమ్మ. "పొద్దున్నే పోదాం."

శుక్రవారం తయ్యబా కారులో ముగ్గురూ పట్టీలు వేసుకుని, సముద్రతీరం వెంట ఉత్తరానికి చాలా దూరం పోయి షినాస్ ఊరు చేరారు. ఉమైమా గుమ్మంలోనే ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుంది. ఆవిడ చిటికెన వేలు వంకర తిరిగి ఉందని, ఎవరి చెయ్యి పట్టుకున్నా వాళ్ళ చిటికెన వేలికి చిక్కుకుంటుందని, విడిపించుకోడానికి లాగుతుందని నవీన అప్పుడు గమనించింది. చెవి దగ్గరకు చెయ్యి పోయింది కూడా జారిపోయే ముసుగు సర్దుకోడానికే. రామసుబ్బమ్మ మాత్రం కళ్ళనీళ్ళతో సంజ్ఞకు తిరిగి సంజ్ఞ చేస్తోంది. నవీన నోరు మూసుకుంది.

పని ఏమిటో ఉమైమా చెప్పింది. పక్కింటి జువేరియాకూ తనకూ రెండేళ్ళుగా మాటల్లేవు. ఈవిడ కారు వెనక్కి తీస్తుంటే ఆవిడ కోడి చక్రం కింద పడి చచ్చింది. తప్పు కోడిదేనని ఈవిడ అన్నది. ఇవాళ రాజీ. జువేరియా కూతుళ్ళను, కోడళ్ళను వెంటేసుకుని వస్తుంది. "నాకు అందరూ కొడుకులే. ఆడవాళ్ళ గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే ఎంత చిన్నతనం!" అంది ఉమైమా.

ముగ్గురూ ఆవిడ పక్కన బుద్ధిగా కూర్చున్నారు. జువేరియా పరివారం గది నిండా వచ్చి ఎదురుగా కూర్చుంది. కహ్వా కాఫీ పోశారు. ఎవరూ తాగలేదు. జువేరియా చూపు పట్టీల మీద పడింది. ఒకటి, రెండు, మూడు కోళ్ళు. ఆవిడ లేచి నిలబడి అరబ్బీలో ఏదో అడిగింది. తయ్యబా కంగారుగా రామసుబ్బమ్మ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, అది కోడేనా అంటుంది. ఎగతాళికి వేసుకొచ్చారా, తన కోడి మీద గౌరవంతోనా అంటుంది."

"కోడేందే! హంస అని చెప్పు!" అంది రామసుబ్బమ్మ. అప్పుడు ఉమైమా చెయ్యి ఆవిడ చేతిలోకి వచ్చింది. గట్టిగా పట్టుకుంది. రామసుబ్బమ్మ ఆ చేతినీ, గుండె మీది పక్షినీ చూసుకుంది.

"చెప్పు" అంది తయ్యబాతో. "కోడే. ఆ కోడి కోసమే వేసుకొచ్చినాం."

తయ్యబా చెప్పింది. జువేరియా వచ్చి రామసుబ్బమ్మ పట్టీ మీది తురాయిని వేలితో నిమిరింది. "అచ్చం దానిలాగే ఉంది" అని బావురుమంది. ఉమైమా లేచి ఆవిడను పట్టుకుంది. తప్పు కోడిది కాదని, తనదేనని ఒప్పుకుంది. కోడళ్ళు కూడా ఏడ్చారు. ఏమీ అర్థం కాకపోయినా నవీన కూడా ఏడ్చింది.

తర్వాత చేపల అన్నం వచ్చింది. మాటల్లేని రెండేళ్ళూ అయిపోయాక, ఆ ఇద్దరూ ఒకే పళ్ళెంలో తింటూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరి మాట ఎవరూ వినడం లేదు.

చేపలు ముట్టని రామసుబ్బమ్మకు పెరుగూ ఖర్జూరాలూ తెచ్చిపెట్టారు. ఆవిడ మారు అడిగి మరీ తింది.

"నిదానంగా తిను పెద్దమ్మా" అంది తయ్యబా.

"సేవ చేస్తే ఇంత ఆకలేస్తాదని నాకెవురూ చెప్పలేదే!" అంది రామసుబ్బమ్మ.