గడప మీద త్రో

ఆదివారం పొద్దున్నే వరదప్ప మైదానంలో వంగి గీత గీస్తున్నాడు. సున్నం తెస్తానన్నవాడు పత్తా లేడు. నేతగాడికి ఏ కష్టమొచ్చినా గుర్తొచ్చేది గంజే కదా! నూలుకు పట్టించగా మిగిలిన గంజిని ఇంటినుంచి బకెట్‌లో తెచ్చి, పాత బ్రష్షుతో మైదానం పొడవునా తెల్లగా పూసేశాడు. ఆరితే అట్టలా నిలుస్తుందని తనను తానే మెచ్చుకున్నాడు.

వారమంతా గుడియాత్తంలో గుంతమగ్గం మీద లుంగీలు నేస్తాడు. గుంతలో అతని కాళ్లు ఒకటి దిగితే ఒకటి లేస్తుంటాయి. ఆదివారం మాత్రం ఫుట్‌బాల్ గీత పక్కన జెండా పట్టుకుని, ఎవరి కాలు లేస్తుందా అని కాపు కాస్తాడు. బంతి గీత ఎక్కడ దాటిందో అక్కడినుంచే విసరాలి. రెండు చేతులతో, తల వెనకనుంచి, రెండు కాళ్లూ నేలకు ఆనించి విసరాలి. కాలు గీత మీద ఉన్నా ఫరవాలేదు, దాటి లోపలికి పోకూడదు. తప్పు చేస్తే బంతి అవతలివాళ్లది. ఇంత తేటైన న్యాయం అతనికి లోకంలో ఇంకెక్కడా దొరకలేదు. జెండా గుడ్డ కూడా తను నేసిన ఎర్రగళ్ల లుంగీ ముక్కే.

"ఈ దినంతో చాలప్పా," అన్నాడు రెఫరీ సామ్యుల్, అతని బిగుసుకుపోయిన మోకాలు చూస్తూ. "బంతి ఒక పక్క పోతే నువ్వు ఇంకో పక్క ఉండావు."

జెండా వదలాలంటే వరదప్పకు బెంగే, అయినా తలూపాడు. కానీ అంతకన్నా పెద్ద బెంగ ఇంట్లో ఉంది.

బావమరిది లోగనాథన్ నేతవీధి జట్టులో ఆడతాడు. పోయిన ఏడాది అతను బంతి విసిరిన త్రో తప్పని వరదప్ప జెండా ఎత్తాడు. "ఇంక నీ గడప దాటను బావా!" అని అతను ఒట్టు పెట్టుకున్నాడు. వరదప్ప భార్య మోహనకు ఒక్కడే తమ్ముడు. అప్పటినుంచి ఆమె ఏడవని పండగ లేదు. ఈ పొద్దున మటన్ కడుగుతూ మొగుడికి ముందే చెప్పింది.

"ఏమయ్యా, ఈ దినం కప్పు గెలిస్తే వాడు కోపం మరిచిపోయి వస్తాడు. జెండా కిందనే పెట్టుకో. ఎత్తినావంటే నీకు కూడూ లేదు, గంజీ లేదు."

పేర్ణాంబట్టు జట్టుతో ఆట మంచి పట్టులో ఉండగా మేకలొచ్చాయి. వరసగా నిలబడి, విస్తరి నాకినట్టు గీతను నాకేశాయి. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"గీత యాడప్పా?" అని అరిచాడు సామ్యుల్.

"నేను నిలుచున్న చోటే గీత!" అన్నాడు వరదప్ప, గంజి అంటిన తన ప్యాంటును నాకుతున్న మేకను తోసేస్తూ.

ఆట ముగియబోతోంది. గోల్స్ సమానం. బంతి బయటికి పోయింది. లోగనాథన్ దాన్ని పట్టుకుని మెల్లగా ముందుకు జరిగాడు.

"ఆడ కాదప్పా, ఈడ," అన్నాడు వరదప్ప.

లోగనాథన్ పళ్లు నూరుతూ వెనక్కొచ్చి, పరుగున విసిరాడు. బంతి తోటివాడి తలకు తగిలి గోల్‌లో పడింది. మైదానమంతా ఈలలు. వరదప్ప మాత్రం లోగనాథన్ వెనక కాలునే చూశాడు. అది లేచింది. మోహన కన్నీళ్లు గుర్తొచ్చాయి, మటన్ కూడా గుర్తొచ్చింది. అయినా జెండా లేచింది.

గోల్ పోయింది. అదే చోటినుంచి పేర్ణాంబట్టువాళ్లు బంతి విసిరి, ముందుకు తీసుకుపోయి గోల్ కొట్టారు. కప్పూ పోయింది.

"మగ్గంలో నీ కాళ్లు లేయవా బావా?" అని లోగనాథన్ మీదికొచ్చాడు.

"మగ్గం ఆట కాదప్పా," అన్నాడు వరదప్ప.

సాయంత్రం మోహన మొగుడి కంచం బోర్లించి పెట్టింది. అతను మగ్గం పక్కన జెండాతో సహా కూలబడ్డాడు. అంతలో వీధిలోంచి కేక. లోగనాథన్!

"అక్కా! యాడ లేసింది నా కాలు? నువ్వే చూసి చెప్పు!"

అరుగు మీదున్న గుమ్మడికాయను తల వెనక్కి ఎత్తి, వీధిలోనే విసిరి చూపించాడు. కాయ పగిలింది. కాలు లేచింది.

"లేసిందిరా!" అని మోహన పకపకా నవ్వింది. ఏడాదిగా ఆ ఇంట్లో అలాంటి నవ్వు లేదు. లోగనాథన్ బుర్ర గోక్కున్నాడు. లోపల కూర ఘుమఘుమలాడుతోంది.

"ఒట్టేసినానే అక్కా, గడప దాటనని."

వరదప్ప గొంతు సవరించుకున్నాడు. "గీత మీదుంటే దాటినట్టు కాదు. గడప మీద కూర్చోప్పా."

"గడప మీద కూర్చుంటే దరిద్రం!" అంది మోహన.

"రూల్ అదే," అన్నాడు వరదప్ప.

లోగనాథన్ కాళ్లు వీధిలో పెట్టి గడప మీద కూర్చున్నాడు. మోహన వడ్డించింది. మొగుడి కంచం కూడా తిప్పి పెట్టింది.

"వచ్చే ఆదివారం నుంచి నేను రానప్పా. మోకాలు చెప్పిన మాట వినడంలే," అన్నాడు వరదప్ప మెల్లగా.

లోగనాథన్ నోట్లో ముద్ద ఆగింది. "అయితే గీత యాడుండాదో ఇంక ఎవరు చెప్తారు బావా?"

ఆ ముద్ద మింగి లోగనాథన్ కంచం పట్టుకుని లేచాడు. "నల్లిబొక్క ఉండాదా అక్కా?" అంటూ నేరుగా పొయ్యి దగ్గరికి నడిచి గిన్నెలో గరిటె పెట్టాడు. రెండు కాళ్లూ గడపకు బాగా లోపలున్నాయి. మోహన మొగుడి వైపు చూసింది.

వరదప్ప చూడకపోలేదు. కంచంలోకి తల వంచుకుని, మంచి కాలితో జెండాను మెల్లగా పక్కకు నెట్టాడు. గంజికి అట్టకట్టిన ఆ ఎర్రగళ్ల గుడ్డ మగ్గం గుంతలోకి జారి, అక్కడే ఉండిపోయింది.