పలక మీద 3,55,799

నేను ఒక సంఖ్యను. మూడు లక్షల యాభై అయిదు వేల ఏడు వందల తొంభై తొమ్మిది. నన్నెవరూ చేయలేదు. అనాదినని చెప్పుకొంటే భగవంతునితో పోటీ పడినట్లవుతుంది గనుక ఆ మాట విడిచిపెడతాను. ఒకటితోను, నాతోను తప్ప మరి దేనితోనూ శేషం లేకుండా భాగింపబడను. ఈ ఏకాకితనాన్ని ఛందశ్శాస్త్రం పోగొట్టింది. పాదానికి ఇరవై అక్షరాలుంచి, గురులఘువులను మార్చి మార్చి వరుసగా వ్రాస్తే పది లక్షలకు పైగా వృత్తాలు పుడతాయి. వాటిలో నా స్థానంలో నిలిచినది ఉత్పలమాల.

కొవ్వూరులో నృసింహశాస్త్రిగారు నలభై ఏళ్లు ఛందస్సు చెప్పారు. పక్షవాతం వచ్చి ఆయన మాట, కుడిచేయి పడిపోయాయి. ఎడమచేత అక్షరం వ్రాయబోతే వట్టి గీతలే వచ్చేవి. క్రమంగా ఆయనను ఏదైనా అడగడం ఇంట్లో అందరూ మానివేశారు. మూడు నెలలకు కుమారుడు శేషగిరి, తండ్రికి మతి పోయిందని నిశ్చయించుకొని, పుస్తకాలన్నీ గ్రంథాలయానికి ఇచ్చివేయడానికి ఆయన కళ్లముందే కట్టలు కట్టించసాగాడు. అప్పుడు శాస్త్రిగారు బలపం పట్టి పలక మీద నన్ను వ్రాశారు. అక్షరానికి లొంగని ఎడమచేయి అంకెలకు లొంగింది.

ఆరంకెలు చూసి శేషగిరి టెలిఫోను నంబరనుకున్నాడు. తిప్పితే ఎవరో సిమెంటు కొట్టువాడు పలికి, ఎన్ని బస్తాలు కావాలని అడిగాడు. సంఖ్య కనబడగానే దాని అవతల ఎవరో ఉన్నారనుకోవడం మానవులకు అలవాటు. వ్రాసినవాడు ఎదుటనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం పూర్వశిష్యురాలు హైమవతి గురుదర్శనానికి వచ్చింది. నన్ను చూసి, కాగితం తీసి, తాను నేర్చిన పద్ధతిలో నన్ను విప్పసాగింది. బేసి అయితే ఒకటి కలిపి సగం చేసి గురువు; సరి అయితే సగం చేసి లఘువు. ఇరవై మార్లు అయ్యేసరికి ఆమె కళ్లు చెమర్చాయి.

“తమ్ముడూ, ఇది ఉత్పలమాల. స్వామి మీద ఆయన అన్నీ ఉత్పలమాలల్లోనే రాసుకున్న పద్యాల కట్ట అడుగుతున్నారయ్యా.”

“చెయ్యి అలవాటుకొద్దీ రాసుంటుందక్కా. ఆయనకేం తెలుస్తోంది పాపం.”

హైమవతి పలకను మంచం దగ్గరకు జరిపింది.

“గురువుగారూ, మొదటి గురువుని రెండు లఘువులు చేస్తే?”

అలా చేస్తే ఉత్పలమాల చంపకమాల అవుతుంది. నాకు ఒకటి కలిపి రెట్టిస్తే దాని సంఖ్య వస్తుంది. బలపం కదిలింది. నా పక్కన ఒక్కొక్క అంకె నిలిచింది: 7,11,600.

హైమవతి చెప్పిన ప్రకారం శేషగిరి కాగితం మీద రెండుసార్లు లెక్క వేశాడు; రెండుసార్లూ అదే వచ్చింది. మూడోసారి వేయబోయి మానేశాడు. మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

“నాన్నగారూ, ఏ కట్టలో ఉందండీ?”

శాస్త్రిగారు ఎడమచేయి ఎత్తి చూపారు. గుమ్మం దగ్గర, అన్నిటికంటె అడుగున ఉన్న కట్ట. శేషగిరి పై కట్టలను ఒక్కొక్కటే దించి, దాని ముడి విప్పసాగాడు. పలక తుడవాలని ఎవరికీ తోచలేదు. నేనూ, నా పక్కన చంపకమాలా అలాగే ఉండిపోయాం.