పచ్చి ముల్లు

"మళ్ళీ వచ్చావా అన్నా. నా కొట్టు నడవడానికి నువ్వొక్కడివి చాలు," అన్నాడు సాంబశివరావు.

మాచర్ల స్టేషను పక్కన అతని సైకిలు షాపు. సాగర్ డ్యాము పనికి పోయేవాళ్ళ సైకిళ్ళు అక్కడ ఎప్పుడూ తిరగేసి ఉంటాయి. ఇన్నయ్య గాలి పోయిన తన సైకిలును కూడా వాటి పక్కన తిరగేశాడు. కూతురు నిర్మల జ్వరంతో చనిపోయిన ఎండాకాలం నుంచీ అతనికి ఎవరితోనూ మాట కలపబుద్ధి కావడం లేదు. రోజూ నాపరాళ్ళ క్వారీకి పోతూ సైకిలును సమాధుల దొడ్డిలోకి తిప్పుతాడు, కాసేపు నిలబడతాడు, వెళ్ళిపోతాడు. ఏడుపు రాదు. ఇంట్లో ఆరోగ్యమ్మ అయితే మరీ రాయి. పిల్ల పేరెత్తదు, ఆ దొడ్డి వైపు తొంగి చూడదని అతని నమ్మకం. తల్లయ్యుండి మరిచిపోయిందని మొదట్లో పెళ్ళాం మీద కసిగా ఉండేది. ఈ మధ్య ఆ కసి కూడా మొద్దుబారింది.

సాంబశివరావు ట్యూబును నీళ్ళలో ముంచి, బుడగలు లేచిన చోట రుద్ది ముక్క అతికించాడు. తర్వాత టైరు లోపలంతా వేళ్ళతో మెల్లగా తడిమాడు.

"ఇది ఉండగా ఎన్ని ముక్కలేసినా ఇంతే," అని ఒక ముల్లు పీకి చూపించాడు. "యాడ తొక్కిచ్చావు దీన్ని?"

"దొడ్డిలోనే. నక్కలు తవ్వకుండా పాప మీద ముళ్ళకంప కప్పాం గదా."

"అది ఎండి ఎప్పుడో పుల్లలై ఉంటది. ఇది పచ్చి ముల్లు. ఎవరో కొత్త కంప కప్పతన్నారు. సైకిలు గేటు కాడే ఆపి నడిచిపో, పంక్చర్లు ఉండవు."

రోజూ అక్కడే నిలబడే మనిషికి ఆ సంగతి తెలియలేదు. చూడడమంటే కళ్ళు అటు తిప్పడమే అనుకున్నాడు కాబోలు.

ఆ సాయంత్రం అన్నం పెడుతున్న ఆరోగ్యమ్మ చేతులు చూశాడు. మోచేతుల దాకా గీరుకుపోయి ఉన్నాయి.

"చేతులకేందే అది?"

"పొయ్యిలోకి కంప కొట్టుకొచ్చాన్లే."

పొయ్యిలో పత్తికట్టె మండుతోంది.

మర్నాడు సైకిలు గేటు దగ్గరే ఆపి నడిచాడు. సమాధి మీది కంపకు ఆకులింకా వాడలేదు. దాన్ని ఈడ్చుకొచ్చిన దారి పొడుగునా ముళ్ళు రాలి ఉన్నాయి. ఇన్నయ్య గొంతుక్కూర్చుని వాటిని ఒక్కొక్కటే ఏరి తువ్వాలులో వేసుకున్నాడు. క్వారీ పనికి వేళ దాటిపోతోంది.

కాపలా ఉండే శౌరి చూసి దగ్గరికొచ్చాడు. "సైకిలు బయటే పెట్టావు గదరా. ఇంకా ముళ్ళెందుకు ఏరతన్నావు?"

ఇన్నయ్య ఇంకో ముల్లు ఏరి తువ్వాలులో వేశాడు. ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

"ఆరోగ్యమ్మకు చెప్పుల్లేవు," అన్నాడు.